బోను ముందు మనశ్శాస్త్రం: హ్యూగో మున్‌స్టర్‌బర్గు జీవితం

సాత్త్విక భావాలు ఎనిమిదని మన విద్యార్థులు కంఠస్థం చేస్తారు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. తక్కిన అభినయాన్ని నటుడు అభ్యాసం చేత సాధింపవచ్చును గాని, వీనిని మాత్రం మనస్సు లగ్నం కానిదే తెచ్చుకొనలేడని లాక్షణికుల మతం. కావ్యశాస్త్రంలో రసానికి ఉపకరణమైన ఈ సంగతినే ధర్మశాస్త్రకారులు న్యాయసభలో వాడుకొన్నారు. కల్లలాడువానిని గుర్తించుట ఎట్లన్న ప్రశ్నకు యాజ్ఞవల్క్యస్మృతి కొన్ని గుర్తులు చెప్పినది. ఒకచోట నిలువలేకపోవుట, పెదవుల కొసలు నాకుకొనుట, నుదుట చెమట పట్టుట, మొగం వన్నె మాఱుట, నోరెండి మాట తడబడుట మొదలైనవి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయ'మను పేర తెలుగు చేసినాడు. కౌటిల్యుడు సైతం రాజునకు విషం పెట్టినవానిని పట్టుకొనుటకు ఇట్టి చిహ్నాలనే పేర్కొన్నాడు. దేహం మనస్సును పట్టియిస్తుందన్న ఊహ మనకు కొత్తది కాదు.

కాని చెమటను చూచుట వేఱు, కొలుచుట వేఱు. మాట తడబాటును సెకనులో వేయవ వంతు వఱకు లెక్కకట్టి, ఆ లెక్కను న్యాయమూర్తి ఎదుట పెట్టవలెనని పట్టుపట్టినవారిలో ముఖ్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గు. ఆయన బ్రతికినది ఏబదిమూడు సంవత్సరాలు. అందులో రమారమి ఇరువది రెండేండ్లు అమెరికాలో గడచినవి. ఒకప్పుడు ఆ దేశంలో ఆయన పేరెఱుగని చదువరి లేడు; మరణించిన కొలది ఏండ్లకే ఆ పేరు మఱుగున పడినది.

ఆయన 1863 జూన్ 1వ తేదీన బాల్టిక్ సముద్రతీరాన డాంజిగ్ నగరంలో జన్మించినాడు. ఆనాడది ప్రష్యా రాజ్యంలోనిది. నేడు గ్డాన్‌స్క్ అను పేరుతో పోలండులో ఉన్నది. తండ్రి మోరిట్జ్ కలప వర్తకుడు. యూదు కుటుంబం, కలిగిన ఇల్లు, నలుగురు కొడుకులు. హ్యూగో పసితనంలోనే కవిత్వం వ్రాసినాడు, సెల్లో వాద్యం నేర్చినాడు. కవిత్వపు మోజు పెద్దయిన పిదపను పోలేదు. 1897లో హ్యూగో టెర్‌బర్గ్ అను మాఱుపేరుతో ఒక జర్మను పద్యసంపుటిని అచ్చువేసినాడు. పన్నెండవ ఏట తల్లి పోయినది. ఇరువదేండ్లు నిండకమునుపే తండ్రియు పోయినాడు. యౌవనారంభంలో ఆయన ప్రొటెస్టెంటు మతం స్వీకరించినాడు.

వైద్యం చదువవలెనని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో చేరిన ఈ యువకుడు అక్కడ విల్‌హెల్మ్ వుంట్ ఉపన్యాసాలు విని మనశ్శాస్త్రం వైపు తిరిగినాడు. మనస్సును గూర్చి తత్త్వవేత్తలు కుర్చీలో కూర్చుండి ఊహించుటే అప్పటి పద్ధతి. వుంట్ 1879లో లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టి, ఒక ధ్వని విన్నప్పటినుండి మనిషి వేలు కదల్చువఱకు ఎంత కాలం పట్టునో యంత్రాలతో కొలిపించినాడు. మున్‌స్టర్‌బర్గు 1885లో ఆయన యొద్ద డాక్టరు పట్టం పొందినాడు. రెండేండ్లకు హైడెల్‌బర్గులో వైద్యపట్టం కూడ గడించి, ఆ సంవత్సరమే సెల్మా ఓప్లర్ అను చిత్రకళాభిమానినిని వివాహమాడి, ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో బోధకుడుగా కుదిరినాడు. అక్కడ ప్రయోగశాల లేదు. సొంత సొమ్ముతో పరికరాలు కొని తన యింటిలోనే ఒకటి నెలకొల్పినాడు. దూరదేశాలనుండి విద్యార్థులు ఆ యింటికే వచ్చినారు.

గురుశిష్యులకు పేచీ వచ్చినదీ కాలముననే. సంకల్పమనునది మనస్సునకు గల ప్రత్యేకశక్తి అని వుంట్ మతం. సంకల్పమని మనం పిలుచునది దేహంలో జరుగు కదలికల ఎఱుకయే గాని వేఱుగా లేదని శిష్యుని వాదం. 1888లో ఆయన ప్రకటించిన గ్రంథంలో ఈ వాదమే ఉన్నది. గురువునకు కోపం వచ్చినది. అమెరికాలో విలియం జేమ్స్‌కు మాత్రం సంతోషం కలిగినది. ఏడ్పు వచ్చుట వలననే దుఃఖం కలుగుతున్నదని, అనగా దేహవికారాల ఎఱుకయే భావమని ఆయన అంతకుముందే సిద్ధాంతీకరించియుండెను. దేహంలో ప్రతిబింబింపని మానసిక వ్యాపారం లేదన్న ఈ తొలినాటి నమ్మకమే మున్‌స్టర్‌బర్గును తరువాత కారాగారపు గదులలోనికి, పత్రికల రచ్చలోనికి లాగుకొనిపోయినది.

జేమ్స్, మున్‌స్టర్‌బర్గు 1889లో ప్యారిసు మహాసభలో కలిసికొన్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలను ఇతరులకు అప్పగించి తత్త్వచింతనలో మునుగవలెనని జేమ్స్ కోరిక. 1892లో ఇరువది తొమ్మిదేండ్ల మున్‌స్టర్‌బర్గు మూడేండ్ల ఒడంబడికపై మసచూసెట్సులోని కేంబ్రిడ్జికి వచ్చినాడు. అప్పటికి ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రమే వచ్చును. మొదట ఉపన్యసించుటకు సంకోచించి, విద్యార్థులకు ప్రయోగశాలలోనే పాఠం చెప్పినాడట. గడువు ముగిసిన పిమ్మట 1895లో స్వదేశానికి వెళ్లి రెండేండ్లు వేచినాడు. జర్మనీలో తగిన ఆచార్యపదవి దొరకలేదు. 1897లో మరలి వచ్చి హార్వర్డ్‌లో స్థిరపడినాడు. మఱుసటి యేడే అమెరికా మనశ్శాస్త్ర సంఘం ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. అయినను ఆయన అమెరికా పౌరసత్వం తీసికొనలేదు. చివరివఱకు జర్మను పౌరుడుగానే ఉన్నాడు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

ఆచార్యుడుగా ఆయనకు ఒక గొప్పతనమున్నది. స్త్రీలకు హార్వర్డ్‌లో ప్రవేశం లేని ఆ రోజులలో మేరీ విట్టన్ కాల్కిన్స్ అను విదుషిని తన ప్రయోగశాలలో చేర్చుకొన్నాడు. ఆమెను డాక్టరు పట్టపు పరీక్షకు అనుమతింపవలసినదని విశ్వవిద్యాలయానికి విన్నపం పంపినాడు. 1895లో ఆచార్యులు ఆమెను పరీక్షించి మెచ్చుకొన్నారు. విశ్వవిద్యాలయం మాత్రం ఆడుది గనుక పట్టం ఇయ్యలేదు. ఆ కాల్కిన్సే 1905లో అమెరికా మనశ్శాస్త్ర సంఘానికి తొలి అధ్యక్షురాలైనది. తరువాతి కాలంలో నవలారచయిత్రిగా పేరొందిన గెర్‌ట్రూడ్ స్టైన్ కూడ ఆ ప్రయోగశాలలో పనిచేసిన విద్యార్థినియే.

న్యాయశాస్త్రం జోలికి ఆయన ఎట్లు పోయినాడో చెప్పుటకు ఒక చిన్న సంఘటన చాలును. ఒక వేసవిలో కుటుంబం సముద్రతీరానికి పోయినప్పుడు ఆయన యింట దొంగలు పడినారు. ఆయన వచ్చి చూచి, న్యాయస్థానంలో ప్రమాణపూర్వకంగా సాక్ష్యం చెప్పినాడు. దొంగలు నేలమాళిగ కిటికీగుండ వచ్చినారన్నాడు. తీరా చూడగా వారు తలుపు తాళం పగులగొట్టి వచ్చినారు. గడియారాన్ని కాగితంలో చుట్టినారన్నాడు. అది బల్లపై పఱచు గుడ్డలో ఉన్నది. క్రొవ్వొత్తి మైనపు చుక్కలు ఫలానా అంతస్తులో చూచితినన్నాడు. అవి ఉన్నది అటకమీద. మనస్సును కొలుచుటే వృత్తిగా గలవాడు, ఏ దురుద్దేశమూ లేనివాడు, ప్రమాణం చేసి ఇన్ని అబద్ధాలాడినాడు. అట్లయిన సామాన్యుని సాక్ష్యంపై ఆధారపడి ఒకనిని ఉరికంబమెక్కించుట ఎంత సాహసం! న్యాయవాదులు, న్యాయమూర్తులు తమ లోకజ్ఞానం చాలునని నిశ్చింతగా ఉన్నారని ఆయనకు తోచినది.

1906లో ఆ నిశ్చింతను ఆయన బహిరంగంగా భంగపఱచినాడు. షికాగో నగరంలో ఒక స్త్రీ హత్యకు గుఱి కాగా, మందబుద్ధిగా కనిపించు రిచర్డ్ ఐవెన్స్ అను యువకుడు పోలీసుల ప్రశ్నల వర్షానికి లోబడి తానే చంపితినని ఒప్పుకొన్నాడు. పిదప ఆ ఒప్పుకోలు తనకు గుర్తే లేదన్నాడు. ఒక వైద్యుడు కాగితాలన్నియు పంపి అభిప్రాయం అడుగగా, అది భయంచేత, ఎదుటివారి సూచనలచేత పుట్టిన ఒప్పుకోలే గాని నిజం కాదని మున్‌స్టర్‌బర్గు జాబు వ్రాసినాడు. జేమ్స్ అభిప్రాయమూ ఇంచుమించు అదియే. జాబు పత్రికలకెక్కినది. షికాగో న్యాయస్థానం సంగతి హార్వర్డ్ ఆచార్యునికెందుకని పత్రికలు విరుచుకొనిపడినవి. ఆ జూన్ నెలలోనే ఐవెన్స్‌ను ఉరితీసినారు. వత్తిడికి లొంగి చేయని నేరాన్ని ఒప్పుకొనుట జరుగగలదని తరువాతి కాలపు పరిశోధనలు అనేకం నిరూపించినవి. ఆనాడు అది హాస్యాస్పదంగా కనిపించినది. ఈ విషయంలో మున్‌స్టర్‌బర్గు తన కాలానికి ముందు నడచినాడని చెప్పక తప్పదు.

మనస్సులో దాచిన సంగతిని పట్టుకొను పద్ధతి ఆయన సొంతం కాదు. ఒక మాట వినగానే తోచిన మఱొక మాట చెప్పు పరీక్షను ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్, జర్మనీలో వుంట్ మొదట చేసినారు. నేరపరిశోధనకు దీనిని వాడవచ్చునని 1904లో మాక్స్ వెర్ట్‌హైమర్, యూలియస్ క్లైన్ అను ఇద్దఱు యువకులు ప్రకటించినారు. అదే కాలంలో జూరిక్‌లో కార్ల్ యుంగ్ రోగుల గుప్తభావాలు తెలిసికొనుటకు దీనిని పెంపొందించి, ఒక దొంగతనాన్ని కూడ దీనితో పట్టినాడు. ముందెవరన్న తగవు వారి నడుమ కొంతకాలం నడచినది. మున్‌స్టర్‌బర్గు చేసినది ఆ పద్ధతిని జర్మను శాస్త్రపత్రికలనుండి తీసి అమెరికా ప్రజల నడివీథిలో నిలుపుట.

ఆ పరీక్ష జరుగు తీరు ఇది. పరీక్షకుడు నూఱు మాటల పట్టిక సిద్ధపఱచును. అందులో అధికభాగం చెట్టు, బల్ల, నది వంటి నిరపాయమైన మాటలు. నడుమ నడుమ నేరస్థునికి మాత్రమే గుచ్చుకొను మాటలు కొన్ని. పరీక్షకుడును పరీక్షింపబడువాడును పెదవుల నడుమ చిన్న విద్యుత్పరికరం పట్టుకొందురు. ఒకడు మాట పలుకగనే అతని పెదవి కదలి గడియారం నడుచును. రెండవవాని నోట బదులుమాట వెలువడగనే అది నిలుచును. క్రోనోస్కోపు అను ఆ గడియారంలో సెకనులో వేయవ వంతును చదువవచ్చును. నిరపాయమైన మాటకు పట్టు కాలం ఎంతో మొదట తెలిసికొన్న పిమ్మట, గుచ్చుకొను మాటకు ఎంత ఆలస్యమైనదో చూతురు. దోషి జాగ్రత్తపడి మంచి బదులు వెదకుకొనును. ఆ వెదకులాటయే అతనిని పట్టియిచ్చును. ఒకవేళ ఆ మాటకు త్వరగా బదులిచ్చినను, లోపలి కలత తీఱక దాని తరువాతి అమాయకపు మాటకు తడబడును. అదే పట్టికను మరల చదివినప్పుడు నిరపాయమైన మాటలకు పాత బదుళ్లే రాగా, ప్రమాదకరమైనవానికి బదుళ్లు మాఱుట కూడ కద్దు.

చికిత్సకై తన యొద్దకు వచ్చిన ఒక యువతిని గూర్చి ఆయన వ్రాసినది విద్యార్థులకు నవ్వు తెప్పించును. ఆమె నీరసానికి కారణం చిక్కక, మిఠాయిలు తినుచున్నదేమో అని అనుమానించి, అడిగిన ఒప్పుకొనదని తలచి, పట్టికలో మిఠాయికి సంబంధించిన మాటలు చొప్పించినాడు. గడియారం ఆమె రహస్యం చెప్పివేసినది. ఆమె ఏడ్చి, భోజనం మాని మిఠాయిలతోనే కాలం గడుపుచున్నానని ఒప్పుకొన్నది.

మాటతో పాటు ఊపిరి కూడ సాక్ష్యం చెప్పునని ఆయన వాదించినాడు. ఱొమ్మునకు కట్టిన గొట్టం ఉచ్ఛ్వాసనిశ్వాసాల గతిని పొగబాఱిన కాగితంపై గీతగా గీయును. నాడి హెచ్చుతగ్గులు, చేతిలోని రక్తప్రమాణం, తెలియకయే జరుగు చేతి కదలికలు, చెమట గ్రంథుల వ్యాపారం వలన చర్మంలో మాఱు విద్యుత్ప్రసారం, వీని నన్నిటిని వేఱువేఱు యంత్రాలతో గుర్తింపవచ్చునని చూపినాడు. స్వేదం, స్వరభంగం, వేపథువు అని మనవారు పేర్కొన్నవే ఇవి.

ఇక 1907. ఐడహో రాష్ట్రపు మాజీ గవర్నరు ఫ్రాంక్ స్ట్యూనెన్‌బర్గు 1905 డిసెంబరు 30న తన యింటి గేటువద్ద అమర్చిన బాంబు ప్రేలి మరణించెను. ఆ పని చేసినవాడు హ్యారీ ఆర్చర్డ్. అపరాధ పరిశోధకుడు మెక్‌పార్లండ్ ఒత్తిడి మీద అతడు నేరాన్ని ఒప్పుకొన్నాడు. అంతటితో ఆగక, గని కార్మికసంఘపు నాయకుల ప్రేరణవలననే ఈ హత్యను, మఱి అనేక హత్యలను చేసితినని చెప్పినాడు. కార్మికనాయకుడు బిల్ హేవుడ్‌ను బోయిసీ నగరంలో విచారణకు పెట్టినారు. ప్రతివాదం చేసినవాడు క్లారెన్స్ డారో. దేశమంతయు రెండుగా చీలినది. హేవుడ్ తల నిలుచుట, తెగుట, ఆర్చర్డ్ మాట నిజమా కల్లా అనుదానిపై ఆధారపడియున్నది.

ఒక మాసపత్రికాధిపతి కోరికపై మున్‌స్టర్‌బర్గు వేసవి యెండలో దేశం ఈ కొసనుండి ఆ కొస దాక ప్రయాణం చేసి బోయిసీ చేరినాడు. న్యాయస్థానంలో ఆర్చర్డ్‌ను చూడగనే ఆయనకు ఏవగింపు కలిగినది. హంతకుని మొగం ఇట్లే ఉండుననుకొన్నాడు. తరువాత కారాగారంలో అనేక గంటలు అతనిని కూర్చుండబెట్టి పరీక్షలు జరిపినాడు. పట్టికలో నది, ఎద్దు వంటి మాటల నడుమ తుపాకి, స్వర్గం, ఒప్పుకోలు, జూరీ వంటివి చేర్చినాడు. దాచవలసినది ఏమైన ఉన్నచో అక్కడ ఆలస్యం కనిపింపవలెను. కనిపింపలేదు. చూడగనే కలిగిన అసహ్యాన్ని ప్రక్కకు నెట్టి, ఆర్చర్డ్ చెప్పినదంతయు నిజమని నిర్ణయించినాడు. ఆ నిర్ణయం విచారణ ముగియకమునుపే పత్రికలకు ప్రాకినది. జూరీ తీర్పునకు ముందే ఆచార్యుడు తీర్పు చెప్పినాడని గగ్గోలు పుట్టినది. జూలై చివర జూరీ హేవుడ్ నిర్దోషి అని తేల్చినది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచింపవలసియున్నది. మాటల పరీక్ష దేనిని కొలుచును? ఒకడు దాచుకొన్న సంగతికి తగిలినప్పుడు కలుగు కలతను. ఆర్చర్డ్ హత్యలను దాచలేదు. ఏడాదికి పైగా పోలీసులకు, గవర్నరుకు, పత్రికలకు, న్యాయస్థానానికి పదే పదే చెప్పినాడు. వందసార్లు వల్లించిన కథ సత్యమైనను అసత్యమైనను నోట తడబడదు. తానే నమ్మిన అబద్ధమును తడబడదు. గడియారం ఆర్చర్డ్ మనస్సు నిమ్మళంగా ఉన్నదని చెప్పినది. హేవుడ్ హత్య చేయించినాడని చెప్పలేదు. మొదటి దానినుండి రెండవదానికి దుమికినవాడు ఆచార్యుడు. ఐవెన్స్ విషయంలో ఒప్పుకోలును నమ్మరాదని పోరాడినవాడే, రమారమి ఏడాదికే మఱొక ఒప్పుకోలును యంత్రబలంతో నమ్మినాడు. ఆర్చర్డ్‌కు విధించిన మరణశిక్ష యావజ్జీవ కారాగారంగా మాఱినది. అతడు 1954లో చెఱసాలలోనే చనిపోయినాడు. హేవుడ్ వ్యవహారంలో నిజమేదో చరిత్రకారులు ఇంకను తర్కించుచునే ఉన్నారు.

ఈ వ్యాసాలు చేర్చి 1908లో వెలువరించిన పుస్తకం పేరు 'సాక్షిపీఠంపై' అని తెలుగులో చెప్పవచ్చును. అది సామాన్యులకు నచ్చినది. జ్ఞాపకం ఎట్లు మోసగించునో, ప్రశ్న అడుగు తీరులోనే జవాబు ఎట్లు దూఱునో, నిరపరాధి ఒప్పుకోలు ఎట్లు పుట్టునో అందులోని ప్రకరణాలు చదువుటకు కథలవలె ఉండును. న్యాయవాదులకు మాత్రం ఒళ్లు మండినది. వారంత మొండివారు లేరని అందులో ఆయన పదే పదే ఎత్తిపొడిచినాడు మఱి. సాక్ష్యశాస్త్రంలో దేశానికంతకు పెద్ద అయిన జాన్ హెన్రీ విగ్‌మోర్ 1909లో ఒక వ్యంగ్యరచనతో బదులు చెప్పినాడు. అందులో న్యాయవాదులు మున్‌స్టర్‌బర్గుపై ఒక్క డాలరు నష్టపరిహారానికి పరువునష్టపు దావా వేయుదురు. అడ్డుప్రశ్నలలో ఆచార్యుని ఆధారాలన్నియు సడలిపోవును. మీ పద్ధతులు నమ్మదగినవని మీ శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయం ఉన్నదా, ఉన్నచో ఆ గ్రంథాలేవి, న్యాయవాదులకు అందుబాటులో ఎప్పుడు పెట్టితిరి అన్నవి ఆ ప్రశ్నల సారాంశం. పరిహాసమే గాని నిశితమైన పరిహాసం. ఆ దెబ్బతో న్యాయరంగంలో మనశ్శాస్త్రపు ప్రవేశం చాలకాలం వెనుకబడినదని కొందఱి అభిప్రాయం. విగ్‌మోర్ శత్రువు కాడు. తగిన ఆధారాలతో రండు, ద్వారం తెఱచియే యున్నదని ఆ రచన చివర సూచించినాడు.

యంత్రం లేకయే రహస్యం బయటపడిన ముచ్చట ఒకటి కలదు. 1909 డిసెంబరులో ఇటలీ దేశపు మాంత్రికురాలు యూసేపియా పల్లాడీనో న్యూయార్కు వచ్చి, చీకటిలో బల్లలు లేపి, ప్రేతాలను రప్పించుచుండెను. ఐరోపాలో ఘనులైన శాస్త్రజ్ఞులు సైతం ఆమెను నమ్మినారు. మున్‌స్టర్‌బర్గు ఆమె ప్రక్కనే కూర్చున్నాడు. చీకటిలో ఎవరో తాకినట్లయినది; అంతలో ఆమె కెవ్వున కేక వేసినది. నేలపై ప్రాకివచ్చిన ఒక పెద్దమనిషి, బూటులోనుండి జాఱిన ఆమె పాదాన్ని మడమ పట్టి దొరకించుకొన్నాడట. ఆ సంఘటనను ఆచార్యుడు వర్ణించిన తీరును ఆమె పక్షంవారు ఖండించినారు. ప్రేతవిద్యలపై ఆసక్తిగల జేమ్స్‌తో ఆయన స్నేహం అప్పటికే చల్లబడియుండెను.

తక్కిన కృషిని క్లుప్తంగా చెప్పవచ్చును. ట్రాము నడుపువారిని, టెలిఫోను ఆపరేటర్లను, ఓడ నడుపు అధికారులను ఎంపికచేయుటకు ఆయన పరీక్షలు కల్పించినాడు. 1913లో ఇంగ్లీషులో వెలువడిన గ్రంథంతో పారిశ్రామిక మనశ్శాస్త్రానికి ఆద్యుడని పేరొందినాడు. 1916లో సినిమాను గూర్చి వ్రాసిన గ్రంథం, ఆ కళపై తొలి సిద్ధాంతగ్రంథాలలో ఒకటిగా ఇప్పటికిని చదువబడుచున్నది. తెఱపై సమీపదృశ్యం మన అవధానమే ఆకృతి దాల్చినట్లు, గతాన్ని చూపు దృశ్యం మన స్మృతియే కన్నులకు కట్టినట్లు అని ఆయన వివరించిన పద్ధతి చూచినచో, నేరస్థుని నాడి పట్టిన చేయియే దీనినీ వ్రాసినదని తెలియును.

ఆయన నాటిన విత్తు మఱొకరి చేత మొలకెత్తినది. ఆ ప్రయోగశాలలో చదివిన విలియం మౌల్టన్ మార్‌స్టన్ 1915లోనే రక్తపోటుకు, అబద్ధానికి గల సంబంధాన్ని పరిశీలించి 1917లో ప్రకటించినాడు. 1921లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పోలీసుశాఖలో జాన్ లార్సన్ రక్తపోటును, శ్వాసను ఏకకాలంలో గీయు యంత్రం నిర్మించినాడు. అదే పాలీగ్రాఫుకు తొలి రూపం. 1923లో ఫ్రై అను హత్యానిందితుని తరఫున మార్‌స్టన్ సాక్ష్యం చెప్పబోగా, శాస్త్రజ్ఞులలో సామాన్యంగా అంగీకారం పొందని పద్ధతిని న్యాయస్థానం స్వీకరింపజాలదని వాషింగ్టనులోని పై కోర్టు త్రోసివేసినది. విగ్‌మోర్ పరిహాసంలో అడిగిన ప్రశ్నయే అక్కడ తీర్పుగా మాఱినది. మార్‌స్టన్ 1941లో వండర్ వుమన్ అను బొమ్మలకథల వీరనారిని సృష్టించినాడు. ఆమె త్రాటితో కట్టినచో ఎవడైనను నిజమే చెప్పవలెను!

అబద్ధాన్ని పట్టుటకు, దాచిన ఎఱుకను పట్టుటకు గల భేదాన్ని 1959లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు డేవిడ్ లికెన్ స్పష్టంగా విడదీసినాడు. నీవు చంపితివా అని అడిగినచో నిరపరాధియు భయపడును. కాని హత్యకు వాడినది గొడ్డలియా, త్రాడా, కత్తియా, రాయియా అని వరుసగా అడిగినచో, ఏది నిజమో ఎఱిగినవాని చర్మమే ఆ ఒక్కచోట స్పందించును; ఎఱుగనివానికి అన్నియు సమానం. నిజానికిది మాటల పట్టిక పరీక్షలోని మూలసూత్రమే. జపాను పోలీసులు దీనినే విరివిగా వాడుచున్నారు. కంఠధ్వనిలోని సూక్ష్మకంపాలను బట్టి అబద్ధాన్ని కనిపెట్టగలమని 1970 తరువాత బయలుదేఱిన యంత్రాలకు మాత్రం శాస్త్రపరీక్షలలో ఆదరణ దొరకలేదు. మన సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి వ్యాజ్యంలో తీర్పు చెప్పుచు, నిందితుని సమ్మతి లేక పాలీగ్రాఫు, నార్కో, మెదడు తరంగాల పరీక్షలు జరుపరాదన్నది. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుమని ఎవరినీ నిర్బంధింపరాదన్న రాజ్యాంగం 20(3) అధికరణం దానికి ఆధారం. నోరు మూసికొన్నవాని నాడిచేత మాట్లాడించుట నిర్బంధం కాదా అన్న చిక్కును మున్‌స్టర్‌బర్గు అంతగా పట్టించుకొనలేదు. యంత్రం నిరపరాధిని కాపాడునన్న ఉత్సాహమే ఆయనకు ఎక్కువ.

1914 ఆగస్టులో ఐరోపాలో యుద్ధం వచ్చినది. జర్మనీ, అమెరికాల నడుమ మైత్రికై జీవితమంతయు పాటుపడిన ఆచార్యుడు జర్మనీ పక్షాన వ్యాసాలు, పుస్తకాలు కుప్పలుగా వ్రాసినాడు. పౌరసత్వం మాఱని సంగతి అప్పుడు జనానికి గుర్తు వచ్చినది. ఆయనను తొలగించినచో విశ్వవిద్యాలయానికి కోటి డాలర్లు ఇత్తునని ఒక పూర్వవిద్యార్థి లండనునుండి కబురు పంపినాడు. ఆ సొమ్ములో సగం వెంటనే చెల్లించినచో రాజీనామా ఇత్తునని మున్‌స్టర్‌బర్గు తిరుగుటపాలో బదులు పలికినాడు! అధ్యాపకుని అభిప్రాయస్వాతంత్ర్యాన్ని అమ్ముకొనమని హార్వర్డ్ ఆ బేరాన్ని త్రోసిపుచ్చినది. 1915 మేలో జర్మను జలాంతర్గామి లుసిటేనియా నౌకను ముంచిన పిమ్మట సహాధ్యాపకులు సైతం పలుకరించుట మానినారు. గూఢచారి అని పత్రికలు అనుమానించినవి. బెదిరింపు జాబులు వచ్చినవి. ఇతరుల మనస్సులలో దాగినదేమో కొలిచి చూపెదనన్న మనిషి, తన మనస్సులో ద్రోహం లేదని ఎవరికీ నిరూపింపలేకపోయినాడు. దానికి ఏ గడియారమూ లేదు.

1916 డిసెంబరు 16 శనివారం ఉదయం, కొఱికివేయు చలిలో ఆయన ఇంటినుండి నడచి, స్త్రీల కళాశాలయైన రాడ్‌క్లిఫ్‌కు పాఠం చెప్పుటకు వెళ్లినాడు. ఉపన్యాసం మొదలుపెట్టిన కొంతసేపటికే మెదడులో నరం చిట్లి, మాట నిలిచి, వేదికపైననే కుప్పకూలినాడు. మఱి లేవలేదు. నాలుగు నెలలకు అమెరికా జర్మనీపై యుద్ధం ప్రకటించినది. కుమార్తె మార్గరెట్ 1922లో తండ్రి జీవితచరిత్ర వ్రాసినది.

ఆయన యొద్ద చదివి డాక్టరు పట్టంతో స్వదేశానికి తిరిగివచ్చిన వంగీయుడు నరేంద్రనాథ సేన్‌గుప్త, ఆ 1916వ సంవత్సరంలోనే కలకత్తా విశ్వవిద్యాలయంలో మనశ్శాస్త్రశాఖకు ఆధిపత్యం వహించి, భారతదేశంలో ఆ శాస్త్రపు తొలి ప్రయోగశాలను నడుప మొదలిడినాడు.